కంట్లో రింగులు వేయించుకునేవాళ్లు మిర్చి సీజన్‌లో జాగ్రత్త

సంక్రాంతి దాటిందంటే గుంటూరు మార్కెట్ యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు దిగడం ఊపందుకుంటుంది. ఇక ఎండలు ముదిరేదాకా ఆ చుట్టుపక్కల గాలి పీలిస్తేనే ఘాటు. కెరటోకోనస్ అనే కంటి జబ్బు ఉన్నవాళ్లకు ఇది కష్టకాలం. రెండేళ్ల కిందట మా తమ్ముడికి కంట్లో రింగులు వేశారు. అప్పుడు డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి, మేం పాటించినవి రాస్తున్నాను.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర కార్నియా. దాని మందం మధ్యలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. కెరటోకోనస్‌లో అది పలచబడి ముందుకు ఉబ్బుతుంది. ఆ పొర లోపల సన్నటి సొరంగం చేసి, నెలవంకలాంటి ప్లాస్టిక్ ముక్కలు పెడతారు. ఇవే రింగులు. ఉబ్బు కొంత చదునై చూపు మెరుగవుతుంది. తర్వాత కూడా చాలామందికి కళ్లజోడో లెన్సో కావాలి. రింగులు జబ్బును ఆపవు. ముదరకుండా ఆపడానికి చేసేది క్రాస్‌లింకింగ్, అంటే రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పెట్టడం. ఈ తేడా తెలియక మేం చాలా టెన్షన్ పడ్డాం.

అన్నిటికంటే ముఖ్యం, కన్ను నలపకూడదు. మా వాడు చిన్నప్పటి నుంచి వేసవి వస్తే పిడికిలితో కళ్లు నలిపేవాడు. మేం అలవాటే అనుకున్నాం. అలా నలపడం కార్నియాను ఇంకా బలహీనం చేస్తుంది. కాబట్టి ఆపరేషన్ కంటే ముందే అలర్జీని అదుపులోకి తెచ్చుకోవాలి. దురదకు డాక్టర్ రాసిన చుక్కలే వాడండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసుకుంటే కంటి ప్రెజర్ పెరుగుతుంది, శుక్లం కూడా రావచ్చు. దురద తట్టుకోలేకపోతే మూసిన రెప్ప మీద శుభ్రమైన చల్లటి తడిగుడ్డ పెట్టండి.

కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు, కార్నియా ఆకారం చూసే స్కాన్‌కు ఎన్ని రోజుల ముందు తీసేయాలో ఫోన్ చేసి కనుక్కోండి. గట్టి లెన్సులైతే వారాలే పడుతుంది. లేదంటే కార్నియా అసలు ఆకారం స్కాన్‌లో సరిగా రాదు.

రింగులకు యార్డు జోరు తగ్గాక తేదీ అడగొచ్చు. కానీ జబ్బు ముదురుతోందని డాక్టర్ చెబితే క్రాస్‌లింకింగ్‌ను మాత్రం సీజన్ పేరుతో వాయిదా వేయకండి. పిల్లల్లో ఈ జబ్బు త్వరగా ముదురుతుంది.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్ సరేననేదాకా తలస్నానం, కృష్ణలో మునకలు వద్దు. నిద్రలో తెలియకుండా నలుపుకుంటారు, రాత్రి కంటికి షీల్డ్ తప్పనిసరి. ఇంట్లో మిరపకాయలు దంచుతుంటే, తొడిమలు తీస్తుంటే, తాలింపు వేస్తుంటే అటు వెళ్లకూడదు. మా అమ్మ ఆ ఏడాది కారం పట్టించే పని పిన్ని వాళ్లింట్లో పెట్టుకుంది. కొన్నాళ్లపాటు రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపించవచ్చు, బండి నడపొద్దు.

నొప్పి, ఎరుపు పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా అది మిర్చి ఘాటేలే అనుకోకండి. ఇన్ఫెక్షన్ కావచ్చు, రింగు జరిగి ఉండొచ్చు. అవసరమైతే రింగును తీసేయవచ్చు కూడా. తల్లిపాలు, ఆకు పసరు లాంటివేవీ కంట్లో వేయకుండా, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.