5.1 సినిమా ఆడియోని స్టీరియోలోకి, వెనక శబ్దాలు పోకుండా

ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కోసం ఆరు ఛానళ్లుగా ఉండే 5.1 ఆడియోని రెండు ఛానళ్ల (స్టీరియో) ఫైల్‌గా మార్చగానే మాటలు సన్నబడి, వెనక స్పీకర్ల శబ్దం ముందు శబ్దాల్లో కలిసిపోతుంది. ఉచితంగా దొరికే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీతో దీన్ని సరిచేయొచ్చు.

సినిమా ఫైళ్లను ఆడాసిటీ చదవగలిగేలా చేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీ వేసుకుని ఫైల్ తెరిస్తే ఆరు ట్రాకులు వస్తాయి. ఆడియో డాల్బీ డిజిటల్ ఫార్మాట్‌లో ఉంటే వరస ఇది: ఎడమ, కుడి, సెంటర్, సబ్‌వూఫర్, వెనక ఎడమ, వెనక కుడి. మొదటి రెండింటినీ చివరలకు పాన్ చేసి (ఎడమది పూర్తిగా ఎడమకి, కుడిది పూర్తిగా కుడికి జరిపి) గెయిన్, అంటే శబ్దం స్థాయి, −6 డీబీ (డెసిబెల్) పెట్టండి. సెంటర్ నడిమధ్యలోనే, −9. సబ్‌వూఫర్ ట్రాక్ తీసేయండి.

అసలు పని వెనక ట్రాకులతోనే. రెండింటికీ −9 పెట్టి, ఆ రెండే ఎంచుకుని ట్రాకుల్ని కలిపే మిక్స్ అండ్ రెండర్ నొక్కితే ఒకే మోనో ట్రాక్ అవుతుంది. దానికి డూప్లికేట్ తీసి, ఒకదానికి తరంగాన్ని తలకిందులు చేసే ఇన్వర్ట్ ఎఫెక్ట్ వేసి పూర్తిగా ఎడమకి, మరొకటి పూర్తిగా కుడికి జరపండి. మీటర్ ఎర్రబడితే అన్నీ సమానంగా తగ్గించండి. నాణ్యత తగ్గించని ఫ్లాక్ ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేయండి. స్పీకర్లను నడిపే హోమ్ థియేటర్ రిసీవర్‌ని, స్టీరియో నుంచి వెనక శబ్దాల్ని వేరుచేసే డాల్బీ ప్రో లాజిక్ మోడ్‌లో పెడితే, ఎదురు ఫేజ్‌లో (ఎడమ కుడుల్లో తలకిందులుగా) ఉన్న ఆ శబ్దాన్ని వెనక స్పీకర్లకు పంపిస్తుంది.

ఒక్క స్పీకరున్న బ్లూటూత్ డబ్బాలో మాత్రం ఈ ఫైల్ వద్దు. ఎడమ కుడి కలిసినప్పుడు ఆ రెండు ట్రాకులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని వెనక శబ్దం మొత్తం మాయమవుతుంది.