జెనెటిక్స్ ల్యాబ్‌లో చేరాలనుకుంటే

బయోటెక్నాలజీ, జెనెటిక్స్, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ, వీటిలో ఏ డిగ్రీతోనైనా మొదలుపెట్టొచ్చు. కానీ ముందు క్రోమోజోముల పరీక్ష కోసం కణాలను పెంచే (కల్చర్ చేసే) ల్యాబ్‌లో కొన్ని నెలలు పని నేర్చుకోండి. ఇందులో చెయ్యి తిరగాల్సిందే.

క్రోమోజోముల పరీక్షకు రక్తం హెపారిన్ ట్యూబులో రావాలి, డీఎన్ఏ పరీక్షకైతే ఈడీటీఏలో; రెండూ రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థాలే. కణాలను 37 డిగ్రీల దగ్గర సుమారు 72 గంటలు పెంచి, కోల్సెమిడ్ అనే మందుతో కణ విభజన ఆపి, కణాలను ఫిక్స్ చేసి (ఉన్న స్థితిలోనే నిలిపి) స్లైడు మీద చుక్క వేస్తాం. గదిలో తేమను బట్టి ఆ చుక్క పరుచుకునే తీరు మారిపోతుంది. నా మొదటి స్లైడ్లలో క్రోమోజోములు ఒకదానిమీదొకటి పడి, 46 లెక్కపెట్టడానికే వీలయ్యేది కాదు. రోజూ వేస్తూ పోతేనే చెయ్యి కుదిరింది. క్రోమోజోముల మీద చారలు కనిపించడానికి వాడే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ కొన్ని సెకన్లు ఎక్కువైనా ఆ చారలు చెడతాయి.

ట్యూబు మీద పేరు, నంబరు రెండుసార్లు చూడండి. అవతల ఒక తల్లి ఆ రిపోర్టు కోసమే ఎదురుచూస్తుంటుంది.

అనుభవం వచ్చాక సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాల వరుసను చదవడం), వేరియంట్ల (ఆ వరుసలోని తేడాల) విశ్లేషణ వైపు మారొచ్చు.