దోస్తులతో ఆదివారం బొమ్మలు గీయడానికి వెళ్లాలంటే: నల్లగొండ చుట్టుపక్కల వాళ్లకు

"హైదరాబాద్ పోతే తప్ప ఆర్టిస్ట్ కాలేమన్నా" అని నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలు తరచూ అంటుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. ముందు నలుగురు దోస్తులను పోగు చేసుకోండి. ఆదివారం పొద్దున్నే ఒక చోటికి పోయి కూర్చొని గీయండి. గీసినవి ఒకరికొకరు చూపించుకోండి. ఊళ్లో కళ అట్లనే మొదలవుతుంది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై అక్కడే ఆగిపోయినవాళ్లు, బోర్డులు రాసేవాళ్లు, పెళ్లయ్యాక బ్రష్ పక్కన పెట్టిన అక్కలు, ఎవరైనా ఈ పని చేయొచ్చు. ఎట్లా చేయాలో నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

నాది గోడల పని. బడి గోడల మీద ఎక్కాలు, దేశపటం, మహనీయుల బొమ్మలు. అంగన్‌వాడీల్లో కూరగాయలు, జంతువులు. వినాయక చవితి ముందు విగ్రహాలకు కళ్లు దిద్దడం. ఫ్లెక్సీలు వచ్చాక షాపుల బోర్డులు తగ్గాయి కానీ షట్టర్లకు, లారీలకు ఇప్పటికీ చేతి అక్షరాలే కావాలంటారు. ఈ పని నాకు అన్నం పెడుతుంది. గళ్లు కొట్టకుండా నిలువెత్తు బొమ్మకు కొలత పట్టడం నేర్పింది కూడా గోడే. అయితే వారమంతా వేరేవాళ్లు అడిగిన బొమ్మే, వేరేవాళ్లు చెప్పిన రంగే. మన కన్నుకు ఏది ఇష్టమో మనకు గుర్తుండాలంటే వారంలో ఒక పూటైనా ఎవరూ అడగని బొమ్మ గీయాలి. ఒక్కరే అయితే పెళ్లో, చావో, దావతో ఏదో ఒకటి అడ్డం వచ్చి అలవాటు తప్పుతుంది. నలుగురుంటే తప్పదు.

ఆ నలుగురూ ఆర్టిస్టులే కానక్కర్లేదు. మాలో రిటైరైన డ్రాయింగ్ సార్ ఉన్నారు, బ్లౌజులకు మగ్గం వర్క్ చేసే అక్క ఉంది, జిరాక్స్ షాపులో పనిచేసే తమ్ముడు ఉన్నాడు. అక్కకు పెన్సిల్ పట్టిన అలవాటు తక్కువ, కానీ రెండు పువ్వుల మధ్య ఎంత ఖాళీ ఉండాలో ఆమె చెప్పినంత కచ్చితంగా మేమెవరం చెప్పలేం. కాబట్టి చేయి తిరిగినవాళ్లనే వెతక్కండి, ఓపికగా చూసేవాళ్లను వెతకండి. వాట్సాప్ గ్రూపులో శనివారం రాత్రి చోటు, టైమ్ పెట్టండి. పెట్టాక మార్చకండి. ఇద్దరే వచ్చినా మొదలుపెట్టండి, మిగతావాళ్లు వచ్చి కలుస్తారు.

సామాను తక్కువ ఉండాలి. 2బి, 6బి పెన్సిళ్లు, ఒక నల్ల పెన్ను, ఎ4 కంటే చిన్న స్కెచ్ బుక్కు, గట్టి అట్ట, రెండు క్లిప్పులు. రంగులు వేసేవాళ్లకు 12 రంగుల వాటర్ కలర్ డబ్బా చాలు. పేపర్ మాత్రం 300 జీఎస్ఎం (మందం లెక్క, అట్టలా గట్టిగా ఉండేది) తీసుకోండి. మామూలు డ్రాయింగ్ షీట్ మీద నీళ్లు పడగానే అలలు లేస్తాయి, తప్పు మన చేతిదే అనుకుని పిల్లలు రంగులు మానేస్తారు. డబ్బులు తక్కువైతే రంగుల్లో తగ్గించండి, పేపర్‌లో తగ్గించకండి. పెద్ద షీట్ కొని నలుగురూ కోసి పంచుకుంటే భారం కాదు. నీళ్లకు మూత గట్టిగా పడే సీసా, తుడుచుకోవడానికి పాత నూలు బట్ట, కూర్చోవడానికి యూరియా సంచి. తాగే నీళ్లు వేరే బాటిల్లో.

మొదట వెళ్లాల్సింది పానగల్. ఊరికి ఆనుకునే ఉంటుంది, ఆటోలో పోవచ్చు, సైకిల్ మీదా పోవచ్చు. కుందూరు చోళులు ఏలిన చోటు. అక్కడ పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు మూడూ దగ్గర దగ్గరే. ఒక్క ఆదివారంలో మూడూ గీయాలని ఆశపడకండి. ఒక చోటికే మళ్లీ మళ్లీ పోండి. మొదటిసారి గుడి మొత్తం గీయాలనిపిస్తుంది, తర్వాత ఒక్క స్తంభమే చాలనిపిస్తుంది, అసలు బొమ్మలు అప్పుడే మొదలవుతాయి.

పచ్చల సోమేశ్వరాలయానికి పొద్దున ఏడింటికల్లా చేరండి. దాదాపు 70 స్తంభాలున్న గుడి అది. గోడల మీద రామాయణ, భారత కథలు, శివుడి కథలు చెక్కి ఉన్నాయి. ఏటవాలు ఎండ పడ్డప్పుడు ఆ చెక్కడాలు రాయిలోంచి లేచి బయటికి వస్తాయి. ఎండ నడినెత్తికి వచ్చాక అదే గోడ చదునుగా కనిపిస్తుంది. అందుకే చెక్కడాలు పొద్దున గీయండి, ఎండెక్కాక మండపం లోపలికి జరిగి స్తంభాలు గీయండి. స్తంభం గీసేటప్పుడు నగిషీతో మొదలుపెట్టొద్దు. చతురస్రంగా ఉన్న భాగం ఎక్కడ, గుండ్రంగా తిరిగిన భాగం ఎక్కడ, వాటి ఎత్తులు ఒకదానికొకటి ఎంత, ముందు ఇవి గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత వెలుతురు పడే వైపు నగిషీ కొద్దిగా వేసి, నీడ వైపు వదిలేయండి. చూసేవాళ్ల కన్ను మిగతాది పూర్తి చేసుకుంటుంది.

నల్లరాయికి ట్యూబులోని నలుపు వాడకండి, బొమ్మ చచ్చిపోతుంది. బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ కలపండి. నీలం ఎక్కువైతే నీడలో రాయి వస్తుంది, అంబర్ ఎక్కువైతే ఎండ తగిలిన రాయి వస్తుంది. మన గుట్టల బండలకు వేరే పద్ధతి: రా సియెన్నా పల్చగా పూసి, తడి ఆరకముందే కాస్త లైట్ రెడ్ తాకించి, ఆరాక పగుళ్లకు పై నీలం కలుపు వేయండి. లతీఫ్ సాబ్ గుట్ట తెల్లవారుజామున ఈ రంగుల్లోనే ఉంటుంది.

ఛాయా సోమేశ్వరాలయం త్రికూటాలయం. ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. అందులో ఒక గర్భగుడిలో శివలింగం వెనక స్తంభంలాంటి నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. నేరుగా పడే ఎండతో వచ్చే నీడ కాదది, స్తంభాల సందుల్లోంచి చెదిరి లోపలికి చేరే వెలుతురుతో ఏర్పడేది. బొమ్మలు గీసేవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు. లోపల ఆ నీడ అంచు ఎంత మెత్తగా ఉందో చూడండి, బయటికి వచ్చి మండపం మెట్ల మీద పడ్డ నీడ అంచు ఎంత పదునుగా ఉందో చూడండి. రెండూ పక్కపక్కన ఒకే పేజీలో వేయండి. పిల్లలకు సాఫ్ట్ ఎడ్జ్, హార్డ్ ఎడ్జ్ అని ఎంత చెప్పినా ఎక్కనిది ఇక్కడ ఒక్క పూటలో ఎక్కుతుంది. బయటి నీడలు కదులుతూనే ఉంటాయి కాబట్టి కూర్చున్న మొదటి పది నిమిషాల్లోనే వాటి హద్దులు పెన్సిల్‌తో గీసేసుకోండి. ఆ తర్వాత నీడ ఎంత జరిగినా మీరు గీసుకున్న హద్దును మార్చొద్దు.

గుళ్లో పూజారిని, కాపలా మనిషిని ముందే అడగండి. శిల్పాల మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దకండి, రంగు నీళ్లు మండపంలో పారబోయకండి. ఈ రాళ్లు వందల ఏళ్లు నిలిచాయి, మన చేతుల్లో పాడుకావొద్దు.

జనం చుట్టూ చేరతారు. చేరనివ్వండి. "ఏం గీస్తున్నవ్ అన్నా?" అని ఎవరైనా అడిగితే పుస్తకం దాచుకోవద్దు, తిప్పి చూపించండి. పిల్లలొస్తే ఒక పేజీ చించి, పెన్సిల్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టండి. మా గుంపులో ఇప్పుడు బాగా గీసే పిల్లల్లో కొందరు అట్లా వచ్చినవాళ్లే. మనుషుల బొమ్మ వేయాలంటే మాత్రం అడిగి వేయండి. "పెద్దమ్మా, నీ బొమ్మ గీయొచ్చా?" అంటే నూటికి తొంభై మంది సంబరపడతారు, కొంగు సర్దుకుని కూర్చుంటారు. వద్దంటే అక్కడితో వదిలేయాలి. దూరం నుంచి దొంగచాటుగా గీయడం నాకు నచ్చదు.

చేతుల కదలిక గీయడం నేర్చుకోవాలంటే మగ్గాల ఊళ్లకు పోవాలి. మునుగోడు మీదుగా సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాకకు వెళ్లండి. నూనెలో నానిన నూలుతో నేసే తేలియా రుమాలు ఊరది, ఆ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఈ ఊరి నేత కళాకారులు గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. తర్వాత చిటికి కట్టి ఎరుపు, నలుపు అద్దుతారు. తెల్లగా ఉండాల్సిన చోట దారాన్ని బిగించి కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోటికి రంగు చేరదు. వాటర్ కలర్‌లో మన పనీ అదే, తెలుపు వేయం, వదిలేస్తాం. ఈ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, చిటికి కట్టే చేతుల పక్కన కూర్చున్నప్పుడే తట్టింది.

నేసే మనిషిని గీయడానికి ఒక పద్ధతి ఉంది. చేయి కదులుతూనే ఉంటుంది కానీ ప్రతిసారీ అదే దారిలో పోయి అదే చోటికి వస్తుంది. ఒకే పేజీలో ఐదారు బొమ్మలు మొదలుపెట్టండి: అడ్డపోగు తీసుకెళ్లే నాడె విసిరేటప్పుడు ఒకటి, ఆ పోగును బిగించే పలక దగ్గరికి లాగేటప్పుడు ఒకటి. చేయి మళ్లీ ఆ చోటికి వచ్చినప్పుడల్లా ఆ బొమ్మలో ఒక గీత కలపండి. గుంట మగ్గం ఇంట్లో చీకటిగా ఉంటుంది, కిటికీ వెలుతురు ఒక పక్క నుంచే వస్తుంది. బొగ్గు తీసుకెళ్తే పేపర్ మీద చీకటి త్వరగా నిండుతుంది. పని వేళ వాళ్ల కూలి పోగొట్టకండి. ఎక్కువ మాట్లాడించకుండా ఓ మూలన కూర్చొని గీసుకుని, వచ్చేటప్పుడు ఒక బొమ్మ వాళ్లకే ఇచ్చి రండి.

ఎండాకాలం సంగతి క్లుప్తంగా చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర తొమ్మిది దాటితే బయట కూర్చోలేం. ఐదున్నరకే క్లాక్ టవర్ దగ్గర చాయ్ హోటల్ ముందు కూర్చోండి, కూరగాయల బండ్లు, పాల క్యాన్లు, నిద్ర కళ్ల మనుషులు దొరుకుతారు. రంగు బ్రష్ మీదే ఆరిపోతుంటే నీళ్లలో గ్లిజరిన్ చుక్క కలపండి. వానాకాలం బస్టాండ్ మంచిది.

గీసి లేచిపోతే సగం పనే అయినట్టు. పానగల్‌లో అయితే మేం ఉదయసముద్రం కట్ట మీద చెట్టు కింద పుస్తకాలన్నీ తెరిచి పరుస్తాం, టిఫిన్ డబ్బాలు కూడా అక్కడే తెరుస్తాం. ఇక్కడ మా పద్ధతి ఒకటుంది: "బాగుంది", "సూపర్" అనొద్దు. నీ కన్ను ముందు ఎక్కడికి పోయింది, తర్వాత ఎక్కడికి పోయింది, ఎక్కడ ఆగిపోయింది, అది చెప్పాలి. బొమ్మ వేసినవాళ్లు అందరి తర్వాత మాట్లాడాలి. తమ్ముడు ఒకసారి చెరువు గీస్తే అక్క చూసి, "నీళ్ల కంటే కట్టే ముందు కనబడుతుంది తమ్మీ, కట్ట మీద గీతలు ఎక్కువైనయ్" అంది. సార్ ఒక్క మాట కూడా కలపలేదు, కలపాల్సిన అవసరం లేదు. పెద్దవాళ్లున్నారని చిన్నవాళ్లు మాట మింగకుండా ముందు వాళ్లతోనే చెప్పించండి.

రెండు మూడు నెలలకోసారి హైదరాబాద్ పోయి రండి. మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, దానికి శుక్రవారం సెలవు. ఫోన్లో చూసిన బొమ్మ ముందు నిలబడితే దాని సైజు, బ్రష్ జాడ తెలుస్తాయి. తెలంగాణ రాజముద్ర రూపొందించిన ఏలె లక్ష్మణ్ మన ఉమ్మడి నల్లగొండ జిల్లా కదిరేనిగూడెంలో పుట్టారని పిల్లలకు చెప్పండి. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్లకు తీసుకెళ్లి, కాకతీయుల కాలం నాటి రంగుల బొమ్మల ఆనవాళ్లు చూపించండి. ఎక్కడో ఉన్నవాళ్లకే బొమ్మలు వస్తాయన్న బెంగ వాళ్లకు పోతుంది.

బొమ్మలు పోగయ్యాక ఊళ్లోనే ప్రదర్శన పెట్టండి. హాలు కోసం ఆగొద్దు. బడి వరండా, గ్రంథాలయం గది, తెలిసినవాళ్ల ఫంక్షన్ హాల్ ఖాళీగా ఉన్న పూట, ఏదైనా సరే. నూలు తాడు కట్టి క్లిప్పులతో బొమ్మలు తగిలించండి. చుట్టూ రెండంగుళాల తెల్ల అట్ట పెడితే చిన్న స్కెచ్ కూడా నిలబడుతుంది. బొమ్మ కింద ఎక్కడ గీసిందో రాయండి. ఆ ఊరి మనిషి వచ్చి "ఇది మా గుడే" అని వేలు పెట్టి చూపించడం నేను చూశాను. అంతకంటే పెద్ద మెప్పు నాకు అక్కర్లేదు.

ధర కూడా రాసి పెట్టండి. మొహమాటపడకండి. గోడ పనికి రోజుకు ఎంత తీసుకుంటారో ఆ కూలి, బొమ్మకు పట్టిన రోజులు, కాగితం, రంగు, ఫ్రేమ్ ఖర్చు కలిపితే కనీస ధర వస్తుంది. అంతకంటే తక్కువకు ఇవ్వొద్దు, మీరు తగ్గిస్తే పక్కనున్నవాళ్ల ధరా తగ్గుతుంది. చుట్టమైతే ఊరికే ఇవ్వండి, సగం ధరకు మాత్రం ఇవ్వకండి. ఆర్డర్ బొమ్మకైతే సగం అడ్వాన్స్ తీసుకుని, సైజు, తేదీ కాగితం మీద రాసుకోండి. అమ్మే ముందు నీడపట్టున ఒక ఫొటో తీసుకుని, బొమ్మ వెనక మీ పేరు, ఊరు, తేదీ రాయండి. కొన్నవాళ్లకు ఎండ నేరుగా తగిలే గోడకు, వానకు చెమ్మెక్కే గోడకు తగిలించొద్దని చెప్పి పంపండి.