ఆకు పచ్చగానే ఉంటుంది, మొదలు పుచ్చి ఉంటుంది: చెట్టెక్కే పనిలో సమస్య - పరిష్కారం

తాడు వేయడం, ముడులు, హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు) బిగించుకోవడం తెలుసనే అనుకుంటున్నాను. చెట్టు దగ్గరికి రాగానే అందరూ పైకే చూస్తారు. మొదలు చుట్టూ ఒక్కసారి తిరగమంటే విసుగు. చిక్కంతా అక్కడే.

సమస్య: తాడు మీద బరువు పడగానే కింద చిటపట, మొదట్లో మట్టి కదలడం

కారణం: వేళ్లో, మాను మొదలో పుచ్చిపోయింది. అనుభవం ఉన్నవాణ్ని కూడా ఏమార్చేది ఇదే. నీళ్లు మోసేది బెరడు పక్కనున్న బయటి కలప. లోపల చేవంతా శిలీంధ్రం తినేసినా ఆకులకు ఆ సంగతి తెలియదు, చెట్టు చిగురిస్తూనే ఉంటుంది.

మొదట్లో పుట్టగొడుగులు, మానుకు అతుక్కున్న గట్టి పలకల్లాంటి శిలీంధ్రాలు, వాలుకు ఎదురువైపు నేలలో బీట ఉన్నాయేమో చూడండి. మాను అడుగున వెడల్పు కాకుండా తిన్నగా నేలలోకి దిగిందంటే, ఎవరో మట్టి ఎగదోసి ఉంటారు. తవ్వి చూడండి. చెక్క సుత్తితో చుట్టూ కొట్టండి. డొల్ల ఉన్నచోట డప్పులా మోగుతుంది. సుత్తి వేళ్ల సంగతి చెప్పదు కాబట్టి పెద్ద వేళ్లను సన్నటి ఇనుప చువ్వతో గుచ్చి చూడాలి. మెత్తగా దిగితే అనుమానించాల్సిందే. గట్టి కలప మందం మాను వ్యాసార్ధంలో 1/3 కంటే తక్కువైతే ఎక్కొద్దన్నది ఓ మోటు లెక్క. తొర్ర బయటికి తెరుచుకుని ఉంటే ఆ లెక్కనూ నమ్మొద్దు.

ఎక్కేముందు ఇద్దరు తాడు పట్టుకుని వేలాడాలి, మూడో మనిషి మొదలు చూడాలి. నిమిషం పని, మానేసేది మాత్రం దీన్నే.

పరిష్కారం: ఎక్కొద్దు. తాడు వేరే కొమ్మకు మార్చినా మొదలు అదే కదా! బుట్ట ఉన్న లిఫ్ట్ తెప్పించండి, లేదా పక్కనున్న గట్టి చెట్టుకు తాడు వేసుకోండి.

పంగ కింద నల్లటి తడి చార, నిలువు పగులు

ఇరుకు పంగలో బెరడు లోపలికి ముడుచుకుని రెండు కొమ్మలూ అతుక్కోలేదు. తాడు ఆ పంగలో వేయకండి, దాని కింద మాను చుట్టూ వేయండి.

కొమ్మల్లో కరెంటు తీగ

తీగకు కనీసం 3 మీటర్ల దూరం. అంతకంటే దగ్గరైతే సరఫరా ఆపించాకే పని. పచ్చి కొమ్మలోంచి కూడా కరెంటు పారుతుంది.

రంపం తాడు దగ్గరికి జారుతోంది

ఒక్క తాడు మీదే వేలాడుతున్నారన్నమాట. కోసేటప్పుడు రెండో కట్టు (మరో తాడుతో చెట్టుకు కట్టుకోవడం) తప్పనిసరి, చేతులు రెండూ రంపం మీదే. కింద ఉండే మనిషి పైకెక్కి మిమ్మల్ని దించగలిగినవాడై ఉండాలి. స్పృహ తప్పి హార్నెస్‌లో వేలాడితే నిమిషాల్లోనే ప్రాణం మీదికొస్తుంది.

కలపలో పాత మేకులు, కంచె తీగ ఉండొచ్చు. తగిలితే కోత కాస్త పైకి జరపండి, అంతే.