డీకాఫ్ కోల్డ్ బ్రూ కుదరనప్పుడు: లక్షణం, కారణం, సవరణ

కెఫీన్ తీసిన కాఫీ (డీకాఫ్)తో కోల్డ్ బ్రూ, అంటే పొడిని చల్లని నీటిలో గంటల తరబడి నానబెట్టి వడకట్టే కాఫీ, చేసి చూసినవారిలో చాలామంది, మొదటి రెండు సార్లు రుచి కుదరకపోయేసరికి "డీకాఫ్ అంటే ఇంతే కాబోలు" అనుకుని ఆ పొట్లాన్ని అటక మీదికి ఎక్కిస్తారు. నాన్నగారికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని డాక్టరుగారు మామూలు కాఫీ మాన్పించిన నాటి నుంచి, మూడు వేసవులుగా, అమలాపురం దగ్గర మా ఇంట్లో నేను దీన్ని చేస్తున్నాను. చెడిపోయిన ప్రతిసారీ కారణం వెతుక్కుంటూ వెళ్తే, తప్పు దాదాపు ఎప్పుడూ వంటింటి వేడి దగ్గరో, నీళ్ళ దగ్గరో, పొడి పట్టిన తీరు దగ్గరో తేలింది. డీకాఫ్ గింజను తప్పుపట్టవలసి వచ్చిన సందర్భాలు తక్కువ.

లోపాలు చెప్పే ముందు కొలత చెప్పాలి. 100 గ్రాముల డీకాఫ్ గింజలను గోధుమ నూకంత బరకగా పట్టి, 800 మిల్లీలీటర్ల మంచినీటిలో కలిపి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో 14 గంటలు నానబెట్టి వడకట్టాలి. కెఫీన్ తీసేటప్పుడు పచ్చి గింజను ఆవిరితోనో నీటితోనో ఉబ్బిస్తారు గనుక అది కొంత గుల్లబారి, మామూలు గింజ కంటే త్వరగా రుచిని వదులుతుంది. కాబట్టి మామూలు కాఫీకి చెప్పే 18, 20 గంటల లెక్కను దీనికి పెట్టకూడదు.

పుల్లటి వాసన వస్తే, పాలు విరిగితే

మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే లోపం ఇదే. కోల్డ్ బ్రూ చేసే పద్ధతుల్లో "గది ఉష్ణోగ్రతలో 16 గంటలు ఉంచండి" అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ఆ మాట 20, 22 డిగ్రీలుండే చల్లని గదికి చెల్లుతుంది. మా గోదావరి డెల్టాలో ఏప్రిల్, మే నెలల్లో పగలు వంటిల్లు 35 డిగ్రీలు దాటుతుంది, రాత్రి కూడా ఆ ఉక్క వదలదు. మొదటి వేసవిలో నేను కూడా ఆ మాట నమ్మి, గాజు సీసాను రాత్రంతా వంటింటి గట్టు మీదనే ఉంచాను. తెల్లవారి చూస్తే పొడి పైకి తేలి దళసరి పొరగా కట్టుకుంది, దాని అంచు చుట్టూ సన్నని బుడగలు ఆగి ఆగి పైకి వస్తున్నాయి, మూత తిప్పగానే మూడోనాటి మజ్జిగ వాసన వచ్చింది. అందులో రెండు చెంచాలు పాలలో వేసి చూశాను, పాలు గ్లాసు గోడలకు పలుకులు పలుకులుగా అంటుకున్నాయి.

కాఫీ పిప్పిలో తేమ ఉంటుంది, సూక్ష్మజీవులకు కావలసిన ఆహారం ఉంటుంది. దానికి మన వేడి తోడైతే పులియడానికి ఒక్క రాత్రి చాలు. అయితే బుడగలన్నీ పులుపుకు గుర్తు కావు. కొత్తగా వేయించిన పొడి నీళ్ళు తగలగానే తనలోని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది, కనుక మొదటి గంటలో కనిపించే నురగ గురించి కంగారు పడనక్కర్లేదు. పన్నెండు గంటల తర్వాత కొత్తగా పుట్టే బుడగలు, వాటితోపాటు వచ్చే పుల్లటి వాసన, ఈ రెండూ కలిస్తే మాత్రం అది పులిసినట్టే. దాన్ని మరిగించి వాడుకోవాలని చూడవద్దు, పారబోయండి.

నీళ్ళు పోసిన క్షణం నుంచే సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, అదీ తలుపు అరలో కాక లోపలి అరలో. నీళ్ళను ముందే చల్లబరచి పోస్తే ఇంకా మంచిది. సీసాను, మూతను, వడకట్టే గుడ్డను సలసల కాగే నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరిన తర్వాతే వాడాలి. వడకట్టిన కాఫీని అయిదు రోజులలోపు పూర్తిచేయాలి. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల వరకు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. ఈదురు గాలులకు లైన్లు తెగి పూటంతా కరెంటు రాకపోతే, ఆ సీసా మీద ఆశ వదులుకోవడమే క్షేమం.

చేదుగా, వగరుగా ఉండి అడుగున మడ్డి దిగితే

ఒకసారి గ్లాసు చేతికి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూసి, "ఏమ్మా, ఇది వరద గోదారి నీళ్ళలా ఉందే" అన్నారు నాన్నగారు. నిజమే, అడుగున వేలి మందాన మడ్డి పేరుకుంది. కెఫీన్ తీసిన గింజ పెళుసుగా ఉంటుంది. మిక్సీలో వేసి ఒక్కసారిగా తిప్పితే సగం నూకగా, సగం గంధంలా తయారవుతుంది. ఆ మెత్తటి భాగం గుడ్డలోంచి జారి మడ్డి అవుతుంది, నానినంతసేపూ చేదును, వగరును విపరీతంగా వదులుతుంది. చేదంతా కెఫీన్‌దే అని, డీకాఫ్ చేదుగా ఉండకూడదని అనుకునేవారున్నారు. కాఫీ చేదులో కెఫీన్ వాటా కొద్దిదే, ఎక్కువ భాగం గింజ వేగేటప్పుడు పుట్టే పదార్థాల నుంచి వస్తుంది.

మిక్సీని రెండేసి సెకన్లు మాత్రమే తిప్పి, ఆపి, గిన్నెను కుదిపి, మళ్ళీ తిప్పాలి. ఆ తర్వాత పిండి జల్లెడలో జల్లించి, కిందికి రాలిన మెత్తటి పొడిని వేరే డబ్బాలో ఉంచుకుంటే ఫిల్టర్‌లో వేడి డికాషన్‌కు పనికొస్తుంది. వడకట్టేటప్పుడు మొదట టీ వడపోతతో పిప్పిని తీసి, తర్వాత నాలుగు మడతలు వేసిన తడి నూలు గుడ్డలో పోసి, దానంతట అది కారే వరకు ఆగాలి. చివరి చుక్కల కోసం గుడ్డను పిండకండి. పిండినప్పుడు వచ్చే ఆ నాలుగు చెంచాల రసంలోనే వగరంతా ఉంటుంది. రెండు గంటలు ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచి, పైనున్న తేటను మరో సీసాలోకి వంచుకుంటే అడుగు మడ్డి అక్కడే మిగిలిపోతుంది.

బజారులో ఫిల్టర్ కాఫీ కోసం దొరికే పొడిని దీనికి వాడితే ఈ లోపం తప్పదు. అది మెత్తగా ఉండడం ఒకటి, అందులో సాధారణంగా చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసే పొడి) ఉండడం మరొకటి. చికోరీ చల్లని నీటిలో కూడా సులువుగా కరిగి, చిక్కటి నల్లని రంగును, కాలిన బెల్లం వంటి రుచిని ఇచ్చి అసలు కాఫీని కప్పేస్తుంది.

చప్పగా ఉంటే

పొడి మరీ బరకగా ఉండడమో, నీళ్ళు ఎక్కువ కావడమో సాధారణ కారణాలు. ఆ రెండూ సరిగానే ఉన్నా రుచి పలచగా వస్తే, 100 మిల్లీలీటర్ల వేడి నీటిని పొడి మీద పోసి ఒక్క నిమిషం తడవనిచ్చి, మిగిలిన 700 మిల్లీలీటర్లు చల్లనివి పోయండి. పరిమళంలో కనిపించేంత తేడా వస్తుంది.

పొడి చివికిపోయి ఉండవచ్చు కూడా. డీకాఫ్ గింజ మామూలు గింజ కంటే త్వరగా పాతబడుతుంది, మన గాలిలోని తేమ దాన్ని ఇంకా తొందరపెడుతుంది. వేయించిన తేదీ చూసి, 100 గ్రాముల చిన్న పొట్లాలు కొని, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్ బయటే ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టే డబ్బాలో ప్రతిసారీ చెమ్మ పట్టి పొడి ఉండలు కడుతుంది. రంగు చూసి కొనవద్దు. కెఫీన్ తీయడంలోనే గింజ నల్లబడుతుంది గనుక, ముదురుగా వేగినట్టు కనిపించేది నిజానికి సరిగా వేగకపోయి ఉండవచ్చు.

ఉప్పగా, లేదా సుద్ద నాకినట్టుగా ఉంటే

ఇది నీళ్ళ లోపం. కోల్డ్ బ్రూ తాగాలనిపించే రోజులూ, కాలవలు కట్టేసే రోజులూ ఒకటే. వేసవిలో కాలవలకు నీళ్ళు ఆపగానే ఊళ్ళు మంచినీళ్ళ చెరువుల మీద, బోర్ల మీద ఆధారపడతాయి, నీటి రుచి మారుతుంది. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు నీరు ఉప్పగానే ఉంటుంది. కాఫీ ఆ ఉప్పును దాచలేదు. సుద్దలాంటి రుచి లవణాలు ఎక్కువున్న గట్టి నీటిది, అందులోని బైకార్బొనేట్లు కాఫీకి జీవమిచ్చే ఆమ్లాలను అణచివేస్తాయి. అటువంటి చోట 20 లీటర్ల టిన్ను నీళ్ళే వాడాలి. ఆ నీటిలో లవణాలు మరీ తక్కువైతే కాఫీ మళ్ళీ చప్పబడుతుంది, అప్పుడు కాచి వడపోసిన చెరువు నీళ్ళను నాలుగో వంతు కలిపితే సరిపోతుంది.

డీకాఫ్ తాగినా నిద్ర పట్టకపోతే

డీకాఫ్ అంటే కెఫీన్ బొత్తిగా లేనిది కాదు. ఐరోపాలో వేయించిన డీకాఫ్‌కు పాటించే హద్దు 0.1 శాతం, ఆ లెక్కన 100 గ్రాముల పొడిలో 100 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, మన కొలతతో చేసిన 200 మిల్లీలీటర్ల గ్లాసులో 25 మిల్లీగ్రాములకు మించదు. అదే మామూలు కాఫీలోని రెండు ప్రధాన రకాల్లో, అరబికా గింజలో సుమారు 1.2 శాతం, రోబస్టాలో అంతకు దాదాపు రెట్టింపు ఉంటుంది. చిక్కగా చేసి నీళ్ళు కలపకుండా రెండు మూడు గ్లాసులు తాగితే డీకాఫ్ కూడా కొందరికి నిద్ర చెడగొడుతుంది. అలాంటివారు సగం పాలు కలిపి, మధ్యాహ్నం మూడు దాటకముందే తాగాలి. గుండె మందులు వాడేవారు, గర్భిణులు కొలత డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

అంతకంటే ముందు ఆ పొట్లం నిజంగా డీకాఫేనా అని చూడండి. చికోరీలో కెఫీన్ ఉండదు గనుక చికోరీ కలిపిన పొడిని డీకాఫ్‌గా భావించి పెద్దవాళ్ళకు పోస్తున్న ఇళ్ళను నేను చూశాను. అటువంటి పొట్లాల్లో కనీసం 51 శాతం కాఫీ ఉండాలని నిబంధన ఉంది, ఆ కాఫీలోని కెఫీన్ ఎక్కడికీ పోదు. చల్లగా నానబెడితే కెఫీన్ దిగదన్న మాట కూడా నిజం కాదు; తీరిగ్గా గంటల తరబడి నానితే చల్లని నీటిలోకి కూడా అది బాగానే దిగుతుంది. అరకు కాఫీ ఎంత మేలైనదైనా, పొట్లం మీద కెఫీన్ తీసినట్టు రాసి ఉంటే తప్ప అది డీకాఫ్ కాదు.

ఇంట్లో గింజలు కడిగి కెఫీన్ తీయవచ్చా అని కొందరు అడుగుతారు. వేయించిన గింజను కడిగితే కెఫీన్‌తోపాటు రుచి కూడా నీళ్ళపాలవుతుంది. ఫ్యాక్టరీల్లో వాడే ఒక పద్ధతిలో పచ్చి గింజలను, కాఫీ రుచులతో అప్పటికే నిండిన నీటిలో నానబెడతారు. ఆ నీరు రుచిని ఇక తీసుకోలేదు గనుక కెఫీన్ ఒక్కటే బయటికి వస్తుంది, దాన్ని బొగ్గు వడపోతతో పట్టేస్తారు. వంటింట్లో సాధ్యమయ్యే పని కాదది.

మిగిలిన చిన్న లోపాలు

ఆవకాయ వాసన వస్తే కాఫీని అనుమానించకండి, సీసా మూతలోని రబ్బరు రింగును తీసి వాసన చూడండి; రబ్బరుకు పట్టిన ఆవ ఘాటు ఎన్ని కడుగులు కడిగినా వదలదు, కొత్త రింగు వేయాలి. ఐసు కరిగి కాఫీ పలచబడుతుంటే, వడకట్టిన కాఫీనే ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించండి. తాటిబెల్లం చల్లని కాఫీలో కరగక అడుగున గులకరాళ్ళలా మిగిలిపోతే, ముందుగా సమానంగా నీళ్ళు పోసి కాచి, ఇసుక పోయేలా వడకట్టి, పూర్తిగా చల్లారిన పాకాన్ని గ్లాసుకు రెండు చెంచాలు కలపండి. వేడిగా ఉన్న పాకాన్ని పాలు కలిపిన కాఫీలో పోస్తే పాలు విరుగుతాయి, అప్పుడు కాఫీ పులిసిందని పొరపడి మంచి సీసాను పారబోస్తాము.