వాడుతుండగానే డేటాబేస్ మూసుకుపోతోందా? ఆండ్రాయిడ్, ఎస్‌క్యూలైట్: సమస్య - పరిష్కారం

సమస్య: మీ ఫోన్‌లో యాప్ ఎన్నిసార్లు తిప్పి చూసినా బాగానే ఉంటుంది, వాడేవాళ్ల దగ్గర మాత్రం ఉన్నట్టుండి పడిపోతుంది. లాగ్ తీస్తే "అటెంప్ట్ టు రీ-ఓపెన్ యాన్ ఆల్రెడీ-క్లోజ్డ్ ఆబ్జెక్ట్" అని గానీ, "కనెక్షన్ పూల్ హ్యాజ్ బీన్ క్లోజ్డ్" అని గానీ ఉంటుంది. రెండింటి అర్థం ఒకటే, మీరు వాడుతున్న డేటాబేస్‌ని (ఆండ్రాయిడ్‌లో అది ఎస్‌క్యూలైట్, డేటాని ఫోన్‌లోనే ఒక ఫైల్లో దాచేది) ఇంకెవరో మూసేశారు. ఆ ఇంకెవరో కూడా మీ కోడే, కాకపోతే వేరే థ్రెడ్‌లో, అంటే అదే యాప్‌లో పక్కన సమాంతరంగా నడిచే పనిలో.

నేను ఒక కిరాణా కొట్టుకి బాకీల యాప్ రాసినప్పుడు ఇదే తిప్పలు పడ్డాను. సాయంత్రం రద్దీలో కొట్టు యజమాని ఖాతా తెరిచి కిందికి జరుపుతుంటే, వెనకాల డేటాని సర్వర్‌తో సరిచూసే సింక్ థ్రెడ్ తన పని ముగించుకుని, బుద్ధిమంతుడిలా చివర్లో క్లోజ్ కొట్టి వెళ్లిపోయేది. డేటాబేస్‌ని తెరిచి ఇచ్చే ఆండ్రాయిడ్ క్లాస్ ఓపెన్‌హెల్పర్, అడిగిన అందరికీ అదే ఒక్క డేటాబేస్ ఆబ్జెక్ట్ ఇస్తుంది, అంటే సింక్ మూసింది తనది మాత్రమే కాదు, స్క్రీన్ చదువుతున్నది కూడా.

మరి నా ఫోన్‌లో ఎందుకు రాలేదంటే, కర్సర్ (క్వెరీ ఫలితాలని వరసగా చదివించేది) వరసలన్నీ ఒకేసారి తెచ్చుకోదు. విండో అని ఒక సంచి ఉంటుంది, మామూలుగా 2 ఎంబీ, అందులో పట్టినన్ని తెచ్చుకుని, అవి అయిపోయాక మళ్లీ డేటాబేస్ దగ్గరికి పోతుంది. నా టెస్ట్ డేటా 20 వరసలు, ఒక్క సంచిలో సరిపోయాయి కాబట్టి వెనకాల మూసేసినా తెలియలేదు. ఆయన దగ్గర ఏళ్ల బాకీలు, రెండో సంచికి వెళ్లేసరికి తలుపు మూసి ఉంది. క్వెరీ రాసిన చోట కాకుండా స్క్రోల్ దగ్గర ఎర్రర్ రావడానికి కారణం కూడా ఇదే.

నిర్ధారణకి: చదివే లూప్‌లో రెండు సెకన్ల స్లీప్ పెట్టి, పెద్ద డేటాతో సింక్ నొక్కండి. పడిపోతే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: యాప్ మొత్తానికి ఒకే ఓపెన్‌హెల్పర్ పెట్టుకుని, అసలు క్లోజ్ చేయడం మానేయండి. ప్రాసెస్ (నడుస్తున్న యాప్) పోయినప్పుడు ఫైలు అదే మూసుకుంటుంది, కమిట్ అయిన, అంటే రాయడం ఖాయమైన డేటాకి ఏమీ కాదు. మూయాల్సింది కర్సర్లని, అవి మాత్రం మర్చిపోవద్దు.

తప్పక మూయాల్సి వస్తే, అంటే యూజర్ లాగౌట్ అయితే ఫైలే మార్చాలనుకోండి, ఎంతమంది వాడుతున్నారో లెక్క పెట్టి ఆఖరివాడు మూసేలా చేయాలి. ఇక్కడే చాలామంది అటామిక్ ఇంటీజర్ (ఎన్ని థ్రెడ్లు మార్చినా లెక్క తప్పని అంకె) ఒకటి పెట్టేసి అయిపోయిందనుకుంటారు. మొదటి థ్రెడ్ లెక్కని 1 చేసి ఇంకా ఓపెన్ చేస్తూనే ఉంటుంది, ఈలోపు రెండోది లెక్కని 2 చేసి, ఎవరో తెరిచే ఉంటారులే అని ఇంకా ఖాళీగా (నల్) ఉన్న ఆబ్జెక్ట్ మీద క్వెరీ వేస్తుంది. లెక్క పెంచడం, తెరవడం ఒకే తాళం కింద జరగాలి, తగ్గించడం, మూయడం కూడా అదే తాళం కింద.

"డేటాబేస్ ఈజ్ లాక్డ్", కోడ్ 5 అని వస్తే జబ్బు వేరు. రెండు చోట్ల రెండు హెల్పర్లు సృష్టించి, రెండూ ఒకే ఫైల్లో రాస్తున్నాయేమో వెతకండి. ట్రాన్సాక్షన్ (అన్నీ కలిపి ఒకేసారి ఖాయం చేసే మార్పుల కట్ట) తెరిచి ఉంచి నెట్‌వర్క్ కాల్ చేసే అలవాటుంటే అది కూడా మానండి.

ఎస్‌క్యూలైట్‌ని సీ భాషలో నేరుగా వాడేవాళ్లకి ఇంకో మాట. ఎస్‌క్యూలైట్ మామూలుగా సీరియలైజ్డ్ మోడ్‌లో (థ్రెడ్లని ఒకదాని తర్వాత ఒకటి లోపలికి పంపే పద్ధతి) వస్తుంది కదా, థ్రెడ్ సేఫే కదా అంటారు. సేఫే, హ్యాండిల్ (తెరిచిన డేటాబేస్‌ని పట్టుకునే పిడి) బతికున్నంత వరకు. క్లోజ్ చేశాక ఆ హ్యాండిల్‌తో పాటు దాని మ్యూటెక్స్ (థ్రెడ్లని వంతులవారీగా పంపే తాళం) కూడా పోతుంది, ఇక కాపాడేదెవరు? పైగా ఫైనలైజ్ చేయని, అంటే వాడాక విడిచిపెట్టని స్టేట్‌మెంట్ (సిద్ధం చేసిన క్వెరీ) మిగిలి ఉంటే పాత క్లోజ్ బిజీ అని 5 తిరిగిస్తుంది, మనమేమో దాన్ని చూడం, హ్యాండిల్ లీకవుతుంది. ఎస్‌క్యూలైట్ 3.7.14లో వచ్చిన క్లోజ్ వీ2 ఆఖరి స్టేట్‌మెంట్ పోయేదాకా ఆగి మూస్తుంది. అలాగని వీ2 పిలిచాక ఆ హ్యాండిల్‌ని మళ్లీ ముట్టుకోకూడదు.

బ్యాకప్ కోసం డేటాబేస్ ఫైలుని అదే ప్రాసెస్‌లో మామూలు ఫైలులా తెరిచి కాపీ చేస్తున్నారా? దాన్ని మూసిన క్షణంలో ఆ ఫైలు మీద మీ ప్రాసెస్ పట్టుకున్న పోసిక్స్ లాక్‌లన్నీ (ఫైలుకి ఆపరేటింగ్ సిస్టమ్ వేసే తాళాలు) ఊడిపోతాయి, డేటాబేస్ పాడయ్యే దారి అది. సీ భాషలో అయితే ఎస్‌క్యూలైట్ బ్యాకప్ ఏపీఐ, ఆండ్రాయిడ్ 11 నుంచి వాక్యూమ్ ఇంటూ (డేటాబేస్‌ని కొత్త ఫైల్లోకి కాపీ తీసే ఆదేశం) వాడండి.