దించిన కారుకు వానల లోపే అలైన్‌మెంట్ చూపించండి

మన నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. స్ప్రింగులు మార్చి కారు కిందికి దించినవాళ్లు ఆలోపే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) చూపించి, టైర్లు చూసుకోండి, లోపలి అంచుతో సహా. నా కారు ముందు టైరు బయటివైపు కొత్తదానిలా ఉండేది. ఒకరోజు స్టీరింగు చివరిదాకా తిప్పి, ఫోను టైరు వెనక్కి పెట్టి ఫొటో తీస్తే లోపలి అంచున తీగలు తేలి ఉన్నాయి. ముందురోజే ఆ టైర్లతో పిల్లల్ని ఒంగోలు తీసుకెళ్లి తెచ్చాను.

చక్రం పైభాగం లోపలికి వాలడం కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ ఆ వాలునే, అంటే క్యాంబర్‌నే తిడతారు. టైరును ఎక్కువగా తినేది టో, అంటే చక్రం ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండటం. కారు దించితే రెండూ మారతాయి. చక్రం అర డిగ్రీ పక్కకు చూస్తే కిలోమీటరుకు దాదాపు 9 మీటర్లు పక్కకు ఈడ్చినట్టే. నెల్లూరు నుంచి ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు. అంటే ఒక్కసారి పోతే టైరు కిలోమీటరు దూరం రోడ్డుకు రుద్దుకుంటుంది.

అరచేత్తో టైరును అడ్డంగా నిమరండి. ఒకవైపు నున్నగా, తిరిగొచ్చేటప్పుడు రంపం పళ్లలా తగిలితే తప్పు టోదే. తీగలు తేలితే మాత్రం చెయ్యి పెట్టొద్దు, ఆ టైరు మార్చేయాల్సిందే.

కొత్త స్ప్రింగులు కాస్త కుంగుతాయి. అందుకే వేసిన వెంటనే ఒకసారి, ఐదారొందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి అలైన్‌మెంట్ చేయించండి. టై రాడ్ ఎండ్లు (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీల కీళ్లు), లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌లోని రబ్బరు ముక్కలు) వదులుగా ఉంటే ముందు అవి మార్చాలి, లేకపోతే ఆ డబ్బు దండగే. ఆర్మ్ బోల్టుల చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయమనండి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. గాలి సరిగా పట్టించి, మీరు రోజూ మోసే బరువుతోనే కారును మిషను మీదికి ఎక్కించండి.

చాలా చిన్న కార్లలో వెనక చక్రాలకు సర్దుబాటు ఉండదు, మధ్యలో పెట్టే సన్నటి రేకులు, అంటే షిమ్‌లే దిక్కు. ముందు క్యాంబర్ మరీ ఎక్కువైతే ఆ వాలు సర్దే క్యాంబర్ బోల్టులు వేయించవచ్చు. క్యాంబర్ సరిచేశాకే టో పెట్టాలి, ఎందుకంటే క్యాంబర్ కదిపితే టో మళ్లీ మారుతుంది.

చట్టం ప్రకారం టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. హైవే మీద నిలిచిన నీళ్లకు అది చాలదు. 3 మిల్లీమీటర్లకు తగ్గితే నేనైతే మార్చేస్తాను, లోతు కూడా లోపలి అంచునే కొలుస్తాను. ముందూ తర్వాతా రీడింగులున్న కాగితం అడిగి తీసుకుని డాష్‌బోర్డులో పెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్లకు మళ్లీ చేతికి పళ్లు తగిలితే, ఆ కాగితం పట్టుకుని అదే షెడ్డుకు వెళ్లండి.